పట్టికలో లేని గరుసు నేల

రామాంజినమ్మ గడప దాటి లోపలికి రాలేదు. అరుగు మీదే కూలబడి, "మీ ఆయన్ని పిలువు" అంది పద్మజతో. సొంత తమ్ముణ్ని "మీ ఆయన" అందంటేనే సంగతి ముదిరిందని పద్మజకు తెలిసిపోయింది. మామూలు రోజుల్లో అయితే "మా భాస్కరుడు" అని మురిసిపోతూ పిలుస్తుంది.

జరిగింది ఇదీ. గోరంట్ల దగ్గరి పల్లెలో రామాంజినమ్మకు కాస్త గరుసు నేల ఉంది. చేత్తో తీస్తే మన్నుకంటే గులకరాళ్లే ఎక్కువ వచ్చే నేల. వానను నమ్మి వేరుశనగ విత్తడం, వాన మొహం చాటేయడం, ఏటా నడిచే తంతే. ఈసారి ఒక ట్రస్టువాళ్లు ఉచితంగా బోరు వేయిస్తామని పేరు రాసుకున్నారు. నిన్న వాళ్ల మనిషే వచ్చి ఆ పేరు కొట్టేశామని చెప్పిపోయాడు. ఎందుకని అడిగితే, మీ నేల లెక్కలో లేదన్నాడట. ఈ వారంలోనే బోరు బండి వస్తోంది. గరుసు నేలలవాళ్లను దాటుకుంటూ పోతుందట.

"లెక్కలో లేదంట మ్మే, నా నేల. మరి ఇన్నేండ్లు నేను సేద్యం చేసింది యాడ? గాల్లోనా?"

తమ్ముడు విజయభాస్కర్ ఉద్యోగం ఆ ట్రస్టులోనే. భుజాన టవలుతో బయటికి వచ్చి, అక్కను చూసి, తడి లేని మొహాన్నే మళ్లీ తుడుచుకున్నాడు. పైవాళ్ల నిర్ణయమనీ, తన చేతిలో ఏమీ లేదనీ నసిగాడు.

పద్మజకు ఒళ్లు మండింది. మండదా మరి? ఆ లెక్క కట్టింది తనే.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పాసై, ఆ పట్టాను బీరువాలో పట్టుచీరల కింద మడతపడకుండా కాపాడుకుంటున్న ఇల్లాలు ఆమె. ఉగాదికి ముందు భర్త పాత బోర్ల వివరాలన్నీ తెచ్చి కాళ్లబేరానికి వచ్చాడు. ఎక్కడ నీళ్లు పడ్డాయి, ఎక్కడ పడలేదు, నేల ఏ రకం, ఎంత లోతుకు వేశారు. కొత్తగా వేస్తే పడతాయా, పడవా? ఇలా అవునా కాదా అని తేలే ప్రశ్నలకు లాజిస్టిక్ రిగ్రెషన్ అనే పద్ధతి ఉంది. పద్మజ ఒక చెవి కుక్కరు కూతకు అప్పగించి ఆ పని పూర్తిచేసింది.

అక్కడి నేలలు నాలుగు రకాలు: గరుసు, ఎర్రనేల, నల్లరేగడి, చౌడు. ఇవి అంకెలు కావు, పేర్లు. పేర్లను లెక్కలోకి దింపాలంటే ఒకదాన్ని కొలతగా నిలబెట్టి, మిగతావాటిని దానితో పోల్చాలి. ఈ చుట్టుపక్కల ఎక్కువ చేలు గరుసువే కాబట్టి ఆమె గరుసును నిలబెట్టింది. గరుసుకన్నా ఎర్రనేలలో నీటి ఆశ ఎంత ఎక్కువ, రేగడిలో ఎంత, చౌడులో ఎంత తక్కువ, ఇంతే పట్టిక. గరుసుకు విడిగా వరుస ఉండదు. ఆ సంగతి పట్టిక కింద ఒక వాక్యంలో రాసింది కూడా.

ఆ వాక్యం ఏమైందని భర్తను నిలదీసింది. ఆఫీసులో తెర మీద చూపించేటప్పుడు చోటు చాలక తీసేశానన్నాడు. ట్రస్టు డైరెక్టరు సోమప్ప పట్టికంతా కలయజూసి, ఇందులో గరుసు లేదు కదా, అయితే గరుసువాళ్లకు బోరు లేదు అని తేల్చేశాడట.

"నువ్వు ఆడే ఉన్నావు గదప్పా. నోరు పడిపోయిందా?"

"మా అక్కది గరుసు నేల. నేను మాట్లాడితే అక్క కోసం మాట్లాడినాడంటారు."

"అందుకని అక్క నోట్లో మన్ను కొట్టినావు. మిగతా గరుసు రైతులంతా నీకు అక్కలేనా?"

అసలు ఏమిటీ గోల, తనకు అర్థమయ్యేటట్టు చెప్పమంది రామాంజినమ్మ. పద్మజ ఆమె పక్కన కూర్చుంది.

"వదినా, మీ కొడుకుల పొడుగు చెప్తా ఇను. నడిపోడు పెద్దోనికన్నా బెత్తెడు పొడుగు. చిన్నోడు పెద్దోనికన్నా రెండు వేళ్లు పొట్టి. పెద్దోని పొడుగు నేను చెప్పలేదు గాబట్టి, మీకు పెద్దకొడుకే లేడని ఎవరన్నా అంటే?"

"పండ్లు రాలగొడతా."

"ఆ పనే వీళ్లు చేసినారు."

రామాంజినమ్మ తమ్ముడి పండ్ల వైపు ఒకసారి చూసింది. అతను మూతి బిగించుకున్నాడు.

పద్మజ లాప్‌టాప్ తెచ్చి అరుగు మీదే తెరిచింది. గరుసును పక్కకు జరిపి ఎర్రనేలను నిలబెట్టి, లెక్కను మళ్లీ నడిపింది. ఏ చేనులో ఎంత ఆశో అది వెంట్రుకవాసి కూడా మారలేదు. మారిందల్లా పట్టిక రూపం. ఇప్పుడు గరుసు మొదటి వరుసలో దర్జాగా కూర్చుంది. ఎర్రనేల మాయమైంది. సోమప్ప సొంత ఊరంతా ఎర్రనేలేనని పద్మజకు బాగా తెలుసు. భర్త ఫోను లాక్కుని, 'కొత్త పట్టిక' అన్న ఒక్క మాట జోడించి సోమప్పకు పంపేసింది. కింది వాక్యాన్ని ఈసారి తనే తీసేసింది. చోటు చాలలేదు మరి.

భాస్కర్ అరుగు దిగి, మళ్లీ ఎక్కి, ఉద్యోగం పోతుందని గొణిగాడు. పోతే ఇద్దరం కలిసి వంట చేసుకుందామంది పద్మజ.

ఎక్కువసేపు పట్టలేదు. ఫోను మోగింది. పద్మజ అందరికీ వినపడేటట్టు పెట్టి భర్త చేతికిచ్చింది.

"ఏమప్పా భాస్కర్, ఎర్రనేల యాడికి పోయింది? మా ఊర్లో అందరికీ మాట ఇచ్చేసినాను."

భాస్కర్ ఫోనును భార్య వైపు చాపాడు. ఆమె చేతులు కట్టుకుంది. అక్క వైపు చూశాడు. ఆమె చూపు ఇంకా పండ్ల మీదే ఉంది.

"సార్, ఎర్రనేల యాడికీ పోలేదు," అన్నాడు చివరికి. "ఆ పొద్దు గరుసు కూడా యాడికీ పోలేదు. పట్టికలో కనపడకుండా ఉండేదే మిగతావాటికి కొలత సార్. ఆ మాట నేను చెప్పాల్సింది, చెప్పలేదు. లెక్క కట్టింది నేను గాదు, మా ఇంటామె."

సోమప్ప ఫోను అమ్మగారికి ఇవ్వమన్నాడు. పద్మజ మెత్తగా ఏమీ మాట్లాడలేదు. నేల రకాన్ని చూసి మనుషుల పేర్లు కొట్టేయడానికి కాదు తను లెక్క కట్టిందనీ, నేలా లోతూ కలిపి ఒక్కో చేనుకు ఎంత ఆశ ఉందో విడిగా వస్తుందనీ, పేర్ల వరుస దాన్నిబట్టి పెట్టాలనీ చెప్పింది. గరుసువాళ్ల పేర్లు ఈ రోజే తిరిగి రాయకపోతే, ఎర్రనేల మాయమైన పట్టిక ఆయన ఊరికి కూడా చేరుతుందని నెమ్మదిగా కలిపింది. సోమప్ప రాయిస్తానన్నాడు. ఆఫీసుకు వచ్చి అందరికీ ఒకసారి విడమరిచి చెప్పమని బతిమాలాడు కూడా. వస్తాననీ, పట్టిక కింద తన పేరు కూడా ఉండాలనీ చెప్పి పెట్టేసింది.

సాయంత్రానికి కొత్త జాబితా వచ్చింది. రామాంజినమ్మ పేరు నడిమధ్యలో ఉంది. ఆమె దాన్ని చదివించుకుని, మళ్లీ ఒకసారి చదివించుకుని, అడిగింది.

"నీళ్లు పడతాయా మ్మే?"

తియ్యటి మాట చెప్పడానికి పద్మజకు నోరు రాలేదు. "సగానికి కొంచెం పైన ఆశ ఉండాది వదినా. పడకపోనూ వచ్చు."

"పడకపోతే భూమిని తిట్టుకుంటా. అది నాకు అలవాటే," అంది రామాంజినమ్మ. కొంగు దోపుకుని తమ్ముడి వైపు తిరిగింది. "ఇంగ నీ సంగతి చెప్పు."