సారీ అన్నందుకు విచారణ

"లోపల ఆ మాట నీ నోట రాకూడదు. వచ్చిందా, ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే" అన్నాడు యూనియన్ మనిషి డెరెక్, విచారణ గది తలుపు దగ్గర.

"ఏ మాట?" అంది జెనిస్, తెలిసే.

"సారీ!"

చెప్పడం తేలికే. కెనడాలోని హాలిఫాక్స్‌లో పుట్టి పెరిగినవాళ్ళను సారీ అనొద్దనడమంటే ఊపిరి పీల్చొద్దన్నట్టే. అక్కడ గుమ్మం తగిలితే గుమ్మానికీ చెబుతారు. పంతొమ్మిదేళ్ళుగా బస్సు నడుపుతున్న జెనిస్ రోజుకు వందసార్లైనా అంటుంది.

మూడు వారాల కింద దిగుడు రోడ్డులో ఒక సైకిలతను అడ్డం వచ్చాడు. జెనిస్ బ్రేకు తొక్కింది. అతను బతికాడు గానీ, బస్సు లోపల ముసలావిడ ఈనిడ్ పడి తుంటి ఎముక విరిగింది. జెనిస్ పరుగెత్తి వెళ్ళి, "సారీ, సారీ, సారీ" అంది. అదంతా బస్సు కెమెరాలో పడింది. సైకిలతను మాత్రం అందులో కనబడలేదు, ఆగకుండా వెళ్ళిపోయాడు.

విచారణలో మేనేజరు ప్రిచర్డ్ ఆ ముక్కే పట్టుకుని కూర్చున్నాడు. "తప్పు లేనిదానివి మూడుసార్లు ఎందుకన్నావమ్మా?"

డెరెక్ ఏదో వాదించాడు. ప్రిచర్డ్ వినిపించుకుంటేనా! "ఒప్పుకున్నట్టేగా" అని రాసుకుంటూ పోయాడు. లైసెన్సు పోతే యాభై రెండేళ్ళ వయసులో తనకెవరు పని ఇస్తారు?

అప్పుడు ఈనిడ్‌ను పిలిచారు. ఆవిడ వాకర్ ఈడ్చుకుంటూ వచ్చింది. జెనిస్ గబుక్కున లేచి కుర్చీ జరపబోతే, ఆ వాకర్ కాలు నేరుగా జెనిస్ పాదం మీద దిగింది.

"అబ్బా! సారీ!" అంది జెనిస్.

డెరెక్ తల పట్టుకున్నాడు. ప్రిచర్డ్ తలెత్తి చూశాడు.

"చూశావా బాబూ?" అంది ఈనిడ్, ఆయాసపడుతూనే. "తొక్కింది నేను. సారీ ఆవిడ చెప్పింది. ఇదీ నేరమేనా? రాసుకో మరి!"

ప్రిచర్డ్ ముఖం కందగడ్డయింది. "అంటే ఆ రోజన్నదీ ఇలాంటి అలవాటు మాటేనా?" అని జెనిస్‌నే అడిగాడు.

అవునంటే చాలు, గండం గడిచినట్టే. డెరెక్ బల్ల కింద కాలితో పొడిచాడు కూడా. జెనిస్ ఈనిడ్ వంక చూసింది. ఆవిడ ఇంకా వాకర్ పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంటోంది.

"కాదండి" అంది జెనిస్. "ఆ రోజు మనస్ఫూర్తిగానే అన్నాను. బ్రేకు తొక్కకపోతే సైకిలబ్బాయి పోయేవాడు, మళ్ళీ అయినా తొక్కుతాను. కానీ నా బస్సులో ఈవిడ నేల మీద పడి ఏడుస్తుంటే నాకు బాధ ఉండదా?"

"ఆ అబ్బాయిని నేనూ చూశాను" అంది ఈనిడ్. "ముందు సీటులోనేగా ఉన్నాను. ఇన్నాళ్ళూ నన్నడిగిన నాథుడే లేడు."

ప్రిచర్డ్ కొత్త కాగితం తీసి, ఆవిడను మొదటినుంచీ చెప్పమన్నాడు. జెనిస్ గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది.