బుధవారం లెక్క

ఫ్యాక్టరీ మొదటి కూత అయిపోయింది. రెండో కూతకి గేటు మూసేస్తారు. ఆ రెండు కూతల మధ్య ఆరు వరసల రోడ్డు ఉంది. అవతల కుట్టుపని వాళ్ళ కాలనీ. ఇవతల వాళ్ళు పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ, దాని పక్కనే ఆ రోడ్డు వేసిన ఇంజినీర్ల క్వార్టర్లు. క్వార్టర్ల గేటు దగ్గర నేను నిలబడి ఉన్నాను. నా చేతిలో గుడ్డసంచి, అందులో చంకల దగ్గర పట్టేస్తున్న జాకెట్టు.

అవతలి ఒడ్డున ఆడవాళ్ళు గుంపుగా ఆగారు. ఒడ్డు అని ఎందుకంటున్నానంటే ఆ రోడ్డు దాటడం ఏరు దాటడంలాగే ఉండేది. కాకపోతే ఏరు హారన్ కొట్టదు. గుంపుకి ముందు టేపక్క. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంది కాబట్టి అందరికీ టేపక్క, నాకు మాత్రం వదిన. మేం వరసలు కలుపుకుని చాలా కాలమైంది. మా ఆయన్ని అన్నయ్యగారూ అనేది, నన్ను నోటికొచ్చినట్టు అనేది.

నన్ను చూసి చెయ్యెత్తింది. "వదినా! బుధవారం రా! చంకలు వదులు చేస్తా. ఈలోపు తిండి తగ్గించు!"

ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. సందు చూసుకుని అందరూ డివైడరు దాకా పరిగెత్తారు. ఒకామె వెనకబడింది. ఆమె చెయ్యి అందుకోవడానికి వదిన డివైడరు మీంచి ఒక్క అడుగు వెనక్కి దిగింది. "నడవవే! గేటు మీ నాన్న తీసిపెడతాడనుకున్నావా?" అంటోంది. ఆ మాట సగంలో లారీ వచ్చింది.

తర్వాత సంగతి నేను రాయను. చూశాను కాబట్టే రాయను. టేపు మాత్రం ఎగిరి డివైడరు మీద పడింది.

రెండో కూత అయింది. గేటు మూసేశారు.

అంబులెన్సు కంటే ముందు రోడ్డు కంపెనీ నీళ్ళ ట్యాంకరు వచ్చింది. మరకలుంటే బళ్ళు నెమ్మదిస్తాయట. వదిన కూతురు, అదే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసే పిల్ల, తల్లి పక్కన కూర్చుని ఉంటే ట్యాంకరు వాడు పైపు పట్టుకుని "కాస్త జరగమ్మా" అన్నాడు. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు గేటు సందులోంచి తొంగి చూసి, "చూసుకుని దాటొద్దా? రోడ్డున్నది నడవడానికా?" అన్నాడు.

"మరి మాకు కాళ్ళెందుకున్నాయిరా?" అంది కాలర్ల పెద్దమ్మ. కాలర్లు కుట్టీ కుట్టీ వేళ్ళు వంకరపోయిన మనిషి. వాడు గేటు సందు కూడా మూసేసుకున్నాడు.

* * *

మా ఆయన హైవే డిజైన్ ఇంజినీరు. ఆఫీసులో ఆయన కింద ఒక బృందం ఉంది, వాళ్ళకి టీమ్ లీడరు. ఇంట్లో ఆ హోదా నాది. రోడ్డు వంపు తిరిగేచోట ఎంత వాలు పెట్టాలో, డ్రైవరుకి ఎంత దూరం కనిపిస్తే బ్రేకు వెయ్యగలడో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మెలకువలో అడిగినా చెప్పలేరు. ఈ రోడ్డు పుట్టకముందు, ఇక్కడ సన్నటి పాతరోడ్డు ఉన్నప్పటి నుంచీ మేం ఈ క్వార్టర్లలోనే ఉన్నాం.

ఆ సాయంత్రం ఆయన వచ్చి షూ విప్పకుండా మెట్లమీద కూర్చున్నారు.

"అక్కడ అండర్‌పాస్ ఉండాల్సింది కదండీ," అన్నాను. "మొదట్లో మీరు గీశారుగా. నాకు చూపించారు కూడా."

"గీశాను. తర్వాత తీసేశాను."

"ఎందుకు?"

"కంపెనీ ఖర్చు తగ్గించమంది. అక్కడ నడిచి దాటేవాళ్ళు ఎంతమందో సర్వే చేయించాను. దాటేవాళ్ళు దాదాపు లేరనే తేలింది. సంతకం పెట్టాను."

"లేకపోవడమేంటండీ? పొద్దున్నా సాయంత్రం కాలనీ కాలనీ అంతా దాటుతుంటే!"

"తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా కెమెరా పెట్టి లెక్కపెట్టారే. రోజు నేనే నిర్ణయించాను. ఆదివారం పనికిరాదు, సెలవు రోజు పనికిరాదు. వారం మధ్యలో మామూలు రోజు తీసుకోవాలి. అది పద్ధతి. బుధవారం పెట్టించాను."

నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. ఆయనకి ఇవ్వకుండా కింద పెట్టేశాను.

"బుధవారం ఫ్యాక్టరీకి సెలవండీ."

ఆయన తలెత్తారు.

లోకమంతటికీ ఆదివారం సెలవు. ఆ ఫ్యాక్టరీకి కరెంటు కోత బుధవారం, అందుకని సెలవు కూడా బుధవారమే. వారమంతా రోడ్డు దాటే ఆడవాళ్ళు ఆ ఒక్కరోజు ఇంట్లో బట్టలు ఉతుక్కుంటారు. అందుకే వదిన బుధవారాలే కొలతలు తీసేది. అందుకే నేను బుధవారాలే అటు వెళ్ళేదాన్ని. కాలనీలో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు. పద్ధతిలో అడగమని లేదు.

ఆయన షూ లేసు విప్పుతూ అన్నారు: "ఆ రోజు దాటినవాళ్ళలో ఒకావిడ నాకు గుర్తుంది. నీలం గొడుగు వేసుకుంది. ముఖం కనపడలేదు. మా బృందంలో నక్షాలు గీసే డ్రాఫ్టింగ్ అమ్మాయి వీడియో చూసి నవ్వింది, 'సార్, ఈవిడొక్కర్తి కోసం సొరంగం తవ్వాలా' అని. నేనూ నవ్వాను."

నీలం గొడుగు తలుపు వెనక వేలాడుతోంది. ఇద్దరం అటు చూడలేదు.

* * *

మర్నాడు ఆయన కంపెనీ పెద్దసారు దగ్గరికి వెళ్ళి, తప్పు జరిగింది, అండర్‌పాస్ తిరిగి పెట్టాలి అన్నారు. పెద్దసారు కాఫీ తెప్పించాడు. పెద్దవాళ్ళు కాఫీ తెప్పించారంటే ఆ పని అవదని అర్థం.

"తప్పని ఎవరన్నారండీ? సర్వే పద్ధతి ప్రకారమే జరిగింది. కావాలంటే వానలు వెలిశాక మళ్ళీ చేయిద్దాం. ఈలోగా వాళ్ళ భద్రత మన బాధ్యత."

భద్రత అంటే ఏమిటో సాయంత్రానికి తెలిసింది. డివైడరు మీద ఇనుప కంచె కట్టేశారు. ఇక దాటాలంటే టోల్‌గేటు దాకా నడిచి, అటువైపు నుంచి మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. రెండో కూత సగం దారిలోనే వినపడుతుంది. ఆడవాళ్ళు కంచె ఎక్కి దూకారు. బట్టలు చినిగాయి. కుట్టేవాళ్ళే కదా, చినిగితే కుట్టుకుంటారులే అనుకుని ఉంటుంది కంపెనీ.

బుధవారం వచ్చింది. రమ్మంది కదా, వెళ్ళాను. ఆయనా వచ్చారు.

కాలనీలో నీళ్ళ కుళాయిల దగ్గర అందరూ చేరారు. వదిన కూతురు గట్టుమీద కూర్చుని ఉంది. మెడలో తల్లి టేపు. "రా అత్తా," అంది. ఆయన్ని మాత్రం పలకరించలేదు.

ఆయన నిలబడి, నాతో చెప్పినదంతా వాళ్ళకీ చెప్పారు. బుధవారం సంగతి దగ్గరికి వచ్చేసరికి కుళాయి కింద నిండిన బిందె పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు.

"అంటే మమ్మల్ని మనుషుల్లో లెక్కెయ్యలేదన్నమాట," అంది కాలర్ల పెద్దమ్మ.

"లెక్కేశాను పెద్దమ్మా. వెయ్యకూడని రోజు వేశాను."

"ఆ తేడా చచ్చినదానికి నువ్వే చెప్పిరా."

గుడ్డ కత్తిరించే విభాగంలో పనిచేసే మనిషి, కత్తెర అంటారు అతన్ని, ముందుకి దూకాడు. "ఈయనగారి కథలు వినడానికా ఉన్న ఒక్క సెలవు పాడుచేసుకుంది? నాలుగు తగిలించి పంపండి!"

"తంతే అండర్‌పాస్ వస్తుందంటే చెప్పు నాయనా, కర్ర నేనే తెస్తాను," అన్నాను. "ఇన్నేళ్ళ కాపురంలో నాక్కూడా ఆ సరదా తీరలేదు."

ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. కత్తెర చెయ్యి దించాడు.

అప్పుడు వదిన కూతురు అడిగింది. "మేమూ దాటేవాళ్ళమే అని రుజువు చూపిస్తే కడతారా?"

"రుజువు ఎందుకమ్మా, వాళ్ళకి తెలుసు," అన్నారాయన. "తెలుసుకోకుండా సంతకం పెట్టింది నేను. తెలిశాక కంచె కట్టింది వాళ్ళు. నన్ను క్షమించినా క్షమించకపోయినా ఆ తేడా మాత్రం మర్చిపోకండి."

"అర్జీ పెడదాం," అన్నారెవరో.

"పెట్టు. దాని మీద కాఫీ కప్పు పెట్టుకుంటారు," అన్నాను.

"రోడ్డుకి అడ్డంగా కూర్చుందాం!" కత్తెర అరిచాడు.

పెద్దమ్మ వంకర వేళ్ళతో అతన్ని తోసింది. "పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే కదరా నడుము విరిగింది? ఇంకా కూర్చోవడమేంటి? కూర్చుంటే ఎత్తి పారేస్తారు. నడుద్దాం. రోడ్డు దాటుదాం. దాటుతూనే ఉందాం."

"తెల్లచారలు ఉన్నచోట మనిషి నడుస్తుంటే బండి ఆగాలి," అన్నారాయన నెమ్మదిగా. "అది చట్టం."

"చారలు ఎవడు గీస్తాడు?"

"నేను గీస్తాను. రోడ్లు గీయడమేగా నాకొచ్చిన పని."

వదిన కూతురు లేచి, పొర్లుతున్న కుళాయి కట్టేసింది. "సున్నం మేం తెస్తాం మామయ్యా," అంది.

* * *

మర్నాడు మొదటి కూతకి ముందే అందరం రోడ్డు మీద ఉన్నాం. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన ఎర్రగుడ్డ ముక్కలు ఊపుతూ రెండువైపులా బళ్ళు ఆపారు. కత్తెర, అతని మనుషులు కంచె బోల్టులు విప్పి పక్కన పేర్చారు. విరగ్గొట్టలేదు, విప్పారు. మా ఆయన తాడు పట్టి, మోకాళ్ళ మీద కూర్చుని సున్నంతో చారలు గీశారు. బకెట్టు మోసింది డ్రాఫ్టింగ్ అమ్మాయి. నా చేతిలో నీలం గొడుగు చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఆంటీ, ఆ రోజు నేను..."

"తెలుసులే. బకెట్టు ఒలికిపోతోంది, చూసుకో."

నడక మొదలైంది. ఒక పక్కనుంచి వెళ్ళి ఇంకో పక్కనుంచి తిరిగి రావడం, మిషను బెల్టులాగా, తెగకుండా. మొదటి కూత అయింది. రెండో కూత అయింది. గేటు మూసుకుంది. ఈసారి బయట ఉండిపోయింది ఒకరిద్దరు కాదు.

రోడ్డు పక్కన స్తంభానికి కంపెనీ కెమెరా ఉంది. దాని కిందకి రాగానే కాలర్ల పెద్దమ్మ తలెత్తి అరిచింది: "నేనొకదాన్ని!" వెనకామె అందుకుంది: "నేనొకదాన్ని!" అలా ఒక్కొక్కరూ. కత్తెర "నేనొకణ్ణి!" అన్నాడు. వదిన కూతురి వంతు వచ్చింది. "నేనొకదాన్ని," అంది. కదల్లేదు. వెనక వరస ఆగింది. అప్పుడు టేపు పట్టుకుని, కెమెరాకి చూపిస్తూ అరిచింది: "మా అమ్మొకతి!"

ఆ తర్వాత ప్రతివాళ్ళూ రెండు మాటలు అరిచారు. నేనొకదాన్ని. టేపక్కొకతి.

ఒక లారీ డ్రైవరు తిట్టుకుంటూ దిగాడు. సంగతి విన్నాడు. "టైముకి చేరకపోతే మాకూ పని పోతుందమ్మా," అన్నాడు. అని, వెళ్ళి ఇంజను ఆపేశాడు.

పోలీసులు వచ్చారు.

"ఎవరే రోడ్డు ఆపింది?"

"ఎవరూ ఆపలేదయ్యా, దాటుతున్నాం," అంది పెద్దమ్మ.

"ఎంతసేపు దాటుతారు?"

"కంపెనీ లెక్కపెట్టడం అయ్యేదాకా. బుధవారం కాదులే, ఇవాళ బాగా లెక్క కుదురుతుంది."

వెనకే కారులో వచ్చిన పెద్దసారు దిగకుండా అద్దం దించి మా ఆయన్ని వేలితో చూపించాడు. ప్రభుత్వ రోడ్డు మీద గీతలు గీసినందుకు అరెస్టు అన్నారు.

"ఈ రోడ్డు మొత్తం గీసింది నేనే," అన్నారాయన. చేతులు మోచేతుల దాకా సున్నం. "అప్పుడే పట్టుకోవాల్సింది."

పెద్దమ్మనీ కత్తెరనీ కూడా వ్యానెక్కించారు. లాఠీలు లేచాయి. బెల్టు తెగింది. ఆడవాళ్ళు పక్కలకి చెదిరారు. రోడ్డు కంపెనీ మనుషులు ఉడుకు తారు తెచ్చి చారల మీద పోశారు. నేను వ్యాను వెంట పరిగెత్తాను. కిటికీ జాలీకి ముఖం ఆనించి ఆయన అరిచారు:

"చార అరమీటరు! సందూ అంతే! కురచ చెయ్యకండి, డ్రైవరుకి దూరం నుంచి కనపడదు!"

అంతే. జాగ్రత్త అనలేదు, భయపడకు అనలేదు. ఆయన నాకు అంతకంటే ముద్దైన మాట ఎప్పుడూ చెప్పలేదు.

వ్యాను వెళ్ళిపోయింది, దాని వెనకే మిగిలిన పోలీసులూ తారు పోసినవాళ్ళూ. రోడ్డు మళ్ళీ నల్లగా ఉంది, వదిన పడినచోటు కూడా. వదిన కూతురు ఆ పక్కన నిలబడి తారు ఆరేదాకా చూసింది. తర్వాత మెడలోంచి టేపు తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. రెండో కొస నాకిచ్చింది. ఆ టేపు చివరిసారి కొలిచింది నా భుజాలనే.

"పట్టుకో అత్తా. గట్టిగా."

పట్టుకున్నాను. అటువైపు కాలనీలోంచి మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళు వస్తున్నారు. చేతుల్లో సున్నం బకెట్లు. ఇటువైపు డ్రాఫ్టింగ్ అమ్మాయి మళ్ళీ తాడు చుట్ట విప్పుతోంది. దూరంగా లారీ ఒకటి వస్తోంది, వేగం తగ్గించలేదు. దాన్ని ఆపాలంటే ఎవరో ఒకరు చెయ్యెత్తాలి.

నేను వేసుకున్నది ఆ జాకెట్టే. వదులు చెయ్యవలసిన మనిషి లేదు. చంకల దగ్గర ఇంకా పట్టేస్తూనే ఉంది, చెయ్యెత్తితే చిరుగుతుంది.

పటుక్కుమని చిరిగింది. చెయ్యి దించలేదు.

"నేనొకదాన్ని!"