ఆరు గాజు పెంకులు

పక్కింటి పున్నయ్యగారు తన డాబా మీద ఇంకో అంతస్తు లేపిన ఏడాదే సుందరమ్మ హుక్కులు కుట్టడం మానేసింది.

రేపల్లెలో సుందరమ్మవాళ్ళది బంగళా పెంకుల ఇల్లు. ముందు వరండా, వెనక వంటగది, మధ్యలో ఒక్కటే పెద్ద గది. ఆ గదికున్న ఒక్క కిటికీ తూర్పువైపుది. కిటికీ పక్కన కోడలు పుష్పలత కుట్టుమిషను, మిషను పక్కన సుందరమ్మ కుర్చీ. కోడలు జాకెట్టు కుట్టి ఇస్తే అత్త హెమ్మింగు చేసి హుక్కులు వేసేది. పదకొండేళ్ళుగా అలాగే నడిచింది. తూర్పున పున్నయ్యగారి గోడ లేచాక పొద్దుటి ఎండ ఆగిపోయింది. ఎండాకాలం ఎలాగో గడిచింది కానీ, మంచు పట్టే రోజులు వచ్చేసరికి పదిన్నరైనా గదిలో లైటు వేసుకోవాల్సి వస్తోంది.

సుందరమ్మ రెండు జాకెట్లకు హుక్కులు తారుమారుగా వేసింది. మూడోదాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసి, మడిచి కోడలి చేతికిచ్చింది.

"ఇంక నావల్ల కాదే పుష్పా. కళ్ళు పోయినయ్యి."

ఆ రోజునుంచి పగలు కూడా దుప్పటి కప్పుకుని పడుకోవడం మొదలుపెట్టింది. కళ్ళు పోలేదని పుష్పలతకు తెలుసు. చర్చిలో కిటికీ పక్కన కూర్చుంటే, పాటల పుస్తకంలో సన్న అక్షరాలను తడుముకోకుండా చదువుతుంది ఆ మనిషి.

భర్త మార్కుతో చెబితే, "ఇంకో ట్యూబులైటు వేయిద్దాంలే" అన్నాడు. అతను బాపట్లలో గుమాస్తా. తెల్లారకముందే బస్సెక్కి, పొద్దుపోయాక దిగుతాడు. సొంత ఇల్లు పగలు ఎలా ఉంటుందో అతనికి ఆదివారం తప్ప తెలియదు. ఆ ఆదివారం కూడా సగం నిద్రకే పోతుంది.

డిసెంబరు మొదటివారంలో లైనింగు గుడ్డ, దారాలు తేవడానికి పుష్పలత తెనాలి వెళ్ళింది. పని చూసుకుని స్టేషనుకు నడిచి వస్తుంటే, ఒక సందులో పాత పెంకుటిల్లు పడగొడుతున్నారు. కిందికి దించిన పెంకుల గుట్ట పక్కన ఏదో తళుక్కుమంది. దగ్గరికి వెళ్ళి చూసింది. గాజు పెంకులు! వాళ్ళింటి మీదున్న పెంకుల కొలతే, అదే వంపు. కాకపోతే వీటిలోంచి ఇటునుంచి అటు వెలుగు పోతుంది.

ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తి ఎండకు పట్టి చూసింది.

"ఇవి అమ్ముతారాండీ?" అని అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన్ని అడిగింది. ఆయన పూర్ణచంద్రరావు, ఆ ఇంటి యజమాని.

"ఏం చేసుకుంటావమ్మా?"

"మా అత్తగారి గదిలోకి ఎండ దించుతానండీ."

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూసి నవ్వాడు. "మా అమ్మ వీటికిందే కూర్చుని బియ్యం ఏరేది. తీసుకెళ్ళు. డబ్బులొద్దు గానీ, పగలకుండా తీసుకెళ్ళు. అది చాలు."

గాజు పెంకు ఒక్కోటీ చంటిపిల్లంత బరువుంది. లైనింగు గుడ్డంతా విప్పి ఆరింటినీ విడివిడిగా చుట్టింది. రేపల్లె బండిలో నిలబడడానికే చోటు లేదు. "జాగ్రత్తండీ, గాజు, గాజు!" అని అరుచుకుంటూ ఎక్కేసరికి, జనం నవ్వుతూనే జరిగారు. కూర్చున్నవాళ్ళు తలా ఒకటి ఒళ్ళో పెట్టుకున్నారు. వేమూరు దాటేసరికి పెట్టెలో సగంమందికి సుందరమ్మ కథ తెలిసిపోయింది. భట్టిప్రోలులో దిగాల్సిన ఒకావిడ తన ఒళ్ళోని పెంకును పక్కావిడ చేతుల్లో పెట్టి, "పొట్టకు ఆనించి పట్టుకోమ్మా" అని అప్పగించి మరీ దిగింది.

ఆరూ క్షేమంగా ఇల్లు చేరాయి.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. పెంకులు నేసేవాడు క్రిస్మస్ దాటితే గానీ రాలేనన్నాడు. ఇంట్లో ఉన్న నిచ్చెన చూరు వరకే అందుతుంది. నడికప్పు దగ్గరకు చేరాలంటే పున్నయ్యగారి పైఅంతస్తు వరండాలోంచి దిగడమే సులువు. కట్టుబడి రోజుల్లో ఇటుక ముక్కలు పెరట్లో పడ్డాయని రెండు ఇళ్ళకూ మాటామాటా వచ్చింది. అప్పటినుంచీ పలకరింపులు లేవు.

పుష్పలత రాత్రంతా తటపటాయించింది. పొద్దున్నే ఒక పెంకు చేత్తో పట్టుకుని వెళ్ళి వాళ్ళ గేటు తీసింది.

పున్నయ్య అరుగుమీద పేపరు చదువుతున్నాడు. తలెత్తి చూసి పేపరు మడిచాడు.

"బాబాయ్‌గారూ, మీ వరండాలోంచి మా కప్పు మీదికి మనిషిని దించుకోవాలండీ. ఒక్క పూట."

ఆయన పెంకును చేతిలోకి తీసుకుని వెలుగుకెత్తి చూశాడు. "ఇవెక్కడ దొరికినయ్యి? ఎవరేస్తారు?"

"మనిషినే వెతుకుతున్నానండీ."

"మనిషెందుకు? మా పాతింటికి ఏటా నేనే నేసేవాణ్ణి." అప్పటికే పంచె ఎగ్గడుతున్నాడు. ఆయన భార్య సుశీల లోపల్నుంచి పరుగున వచ్చి, "అరవై నాలుగేళ్ళొచ్చినయ్యి, మీకేమన్నా మతి పోయిందా?" అని కేకలేసింది. ఆయన వినిపించుకోలేదు. చివరికి ఆవిడే నడుముకు తాడు కట్టి, రెండో కొస వరండా స్తంభానికి ముడేసింది.

పదకొండు కావస్తోంది. పుష్పలత గదిలో నిలబడి, తల వెనక్కి వాల్చి కప్పు వంక చూస్తోంది. మంచంమీద సుందరమ్మ దుప్పటి ముసుగులోంచే, "పైన పిల్లులేమన్నా పోట్లాడుకుంటున్నాయేంటే?" అంది.

గర్రున ఒక పెంకు జరిగింది.

ఎండ ఏటవాలుగా గదిలోకి దిగింది. అందులో దుమ్ము బంగారంలా తిరుగుతోంది. పుష్పలత చేతులు చాచి కేక పెట్టింది. సుందరమ్మ దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. రెండో పెంకు జరిగింది, మూడోది. వెలుగు మంచందాకా పాకి, ఆమె పాదాలమీద పడింది. ఆమె పాదాలు కదల్చలేదు. వెచ్చగా ఉన్నట్టుంది, కళ్ళు మూసుకుంది.

పైన కంతలోంచి పున్నయ్య తల కనిపించింది. కాసేపు కిందికి తేరిపార చూసి, "సుందరమ్మగారూ, ఇంత చీకట్లో ఎట్టా ఉంటన్నారండీ?" అన్నాడు.

"తమరి దయేగా!" అంది సుందరమ్మ, కళ్ళు తెరవకుండానే.

పుష్పలత నాలుక కరుచుకుంది. కంతలోంచి తల వెనక్కి పోయింది. ఆరు పెంకులూ బిగించి, ఆయన వరండాలోకి ఎక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కిటికీ అవతల బరబరా చప్పుడైంది. పుష్పలత తొంగి చూసింది. ఇద్దరు కూలీలు పున్నయ్యగారి గోడకు తెల్లరంగు వేస్తున్నారు. కింద నిలబడి ఆయనే దగ్గరుండి చూస్తున్నాడు.

"సాయంత్రం ఎండ ఈ గోడమీదే పడుద్దమ్మాయ్! సిమెంటు మింగేస్తోంది. తెల్లగా ఉంటే మీ ఇంట్లోకి కొడుద్ది!"

"బాబాయ్‌గారూ!" అంది పుష్పలత. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

ఆదివారం భోంచేసి పడుకున్న మార్కు, మూడున్నరకు ఉలిక్కిపడి లేచాడు. గదంతా పాలు ఒలకబోసినట్టుంది. కిటికీ దగ్గర అమ్మ కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని పచ్చజాకెట్టుకు హుక్కులు వేస్తోంది. పక్కన సుశీలగారు తన జాకెట్టు ముక్క పట్టుకుని, మెడ ఎంత లోతు పెట్టాలో వాదిస్తోంది.

"తెల్లారిందా? బస్సు..." అన్నాడు మార్కు కంగారుగా.

ఆడవాళ్ళు ముగ్గురూ పగలబడి నవ్వారు. సుందరమ్మ సూది ఆపి, కప్పు మూలలవంక చూసింది. అంత వెలుగులో ఎన్నేళ్ళ బూజో దారాలు దారాలుగా వేలాడుతోంది.

"లేచావు గదా, ఆ బూజుకర్ర అందుకో అబ్బాయ్. ముందు ఆ మూల... అది కాదు, దాని పక్కది."