ఆశీర్వాదం సారు సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో ఆశీర్వాదం సారు సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే, ఆడవాళ్ల చాప మీద కూర్చున్న ఆయన భార్య విమలమ్మకు ఒళ్లు మండిపోయేది. మండదా మరి! ఆయన సంఘపెద్ద, బడికి హెడ్మాస్టరు, సిద్దిపేటలో నలుగురూ నమస్కారం పెట్టే మనిషి. అంతటివాడు నిలబడి, "షుగరు గోలీలు అవతల పారేసిన. ఒట్టి ప్రార్థనతోనే దేవుడు నన్ను బాగుచేసిండు" అనేవాడు. జనమంతా హల్లెలూయ అని చప్పట్లు కొట్టేవాళ్లు.

అబద్ధం! పచ్చి అబద్ధం! గోలీలు మానేసిన మాట నిజమే, రెండు నెలలు బాగానే ఉన్నాడు. తర్వాత కళ్లు తిరిగి పడిపోతే హైదరాబాదు డాక్టరు, ఇక రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిందేనన్నాడు. అప్పటికే సారు సాక్ష్యం పక్కనున్న కోహెడ దాకా పాకింది. ఇప్పుడు కాదంటే పరువు పోదూ? సిద్దిపేటలో కొంటే తెలిసిపోతుందని మందు కోసం గజ్వేల్ బస్సెక్కేవాడు. పొద్దున్నే వంటింటి తలుపు మూసి, సిరంజి నీళ్లలో మరగబెట్టి, విమలమ్మే సూది వేసేది. కట్టుకున్నవాడి పరువు కదా అని నోరు కుట్టుకుంది.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక బీడీలు చుట్టే ఎల్లవ్వ కుంటుకుంటూ వచ్చింది. కాలికి గుడ్డ చుట్టి ఉంది. దగ్గరికి రాగానే వాసన కొట్టింది.

"కాలుకేమైందే ఎల్లవ్వా?"

"మేకు దిగిందమ్మా. పుండు మానుతలేదు."

"షుగరు గోలీలు మింగుతున్నవా?"

"ఎప్పుడో బంజేసిన. సారుకు నయమైంది, నాకు గాదా?"

గుడ్డ విప్పి చూస్తే బొటనవేలు నల్లబడింది. దవాఖానకు పోదాం పదమని విమలమ్మ అంటే ఎల్లవ్వ తల అడ్డంగా ఊపింది. "డాక్టరు తాన్కి పోతె దేవుని నమ్మనట్టే గదమ్మా" అంది. అప్పుడే అటుగా వచ్చిన ఆశీర్వాదం సారు ఆ వేలు చూశాడు. చూసి కూడా, "విశ్వాసం విడువకు ఎల్లవ్వా" అని ఆమె తల మీద చెయ్యిపెట్టి వెళ్లిపోయాడు.

విమలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపు తెల్లారంగనే మా ఇంటికి రా. నీకొకటి చూపియ్యాలె" అంది ఎల్లవ్వతో.

ఇంటికి వచ్చాక మొగుణ్ణి నిలదీసింది. "ఆమె కాలు కుళ్లుతుంది. మీరు పోయి నిజం చెప్పుండ్రి."

"ఇప్పుడెట్ల చెప్త? దేవుని పేరు పోతది."

"దేవుని పేరా, మీ పేరా?"

ఆయన బైబిలు తెరిచి కూర్చున్నాడు. మొహం దాచుకోవడానికి అదొక్కటే దొరికినట్టుంది!

మర్నాడు పొద్దున సారు వంటింట్లో పీట మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. విమలమ్మ తలుపు మూయలేదు. సూది దించుతుండగా గడపలో ఎల్లవ్వ నిలబడింది.

"చూడు ఎల్లవ్వా. దినాం గిట్లనే సూది ఏస్త. ఇది లేకుంటె ఈయన బతకడు" అంది విమలమ్మ.

ఎల్లవ్వ ఆ సూదిని చూసింది.

"నా ఇశ్వాసం తక్కువైందనుకున్న సారూ. అందుకే పుండు మానుతలేదని దేవుని కాళ్లు పట్టుకొని ఏడ్చిన. గీ ముచ్చట నాకొక్కదానికన్న చెప్పకపోతివా?" అంది.

ఆ మాటకు రాయైనా కరిగేది. ఆయన మాత్రం మడిచిన చెయ్యి కిందికి దించుకుంటూ, "గిది బైట ఎవ్వరితోని అనకు ఎల్లవ్వా" అన్నాడు. ఛీ! ఎన్నడూ లేనిది, విమలమ్మకు ఆ మొహం చూడాలంటేనే రోత పుట్టింది.

వెంటనే ఎల్లవ్వను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్లు బొటనవేలు తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే కాలే పోయేదన్నారు.

మళ్లీ ఆదివారం వచ్చింది. సారు లేచాడు. ఇప్పుడన్నా బుద్ధి వచ్చిందేమోనని విమలమ్మ ఆశపడింది. ఎక్కడిది! "మన ఎల్లవ్వ కాలును దేవుడు కాపాడిండు. నేను చేసిన ప్రార్థన విన్నడు" అన్నాడు సారు, కళ్లు తుడుచుకుంటూ.

విమలమ్మ చాప మీంచి లేచింది.

"మీరు కూసోండ్రి" అని మొగుడితో అని, జనం వైపు తిరిగింది. "దినాం పొద్దున ఈయనకు సూది ఏసేది నేను. గోలీలు బందుబెట్టి పడిపోయినంక డాక్టరు రాసిచ్చిండు. ఆ డాక్టరును, ఆ మందును ఇచ్చింది గూడ దేవుడే. గా మేలు చెప్పనీకె ఈయనకు సిగ్గయింది. ఈయన మాట నమ్మినందుకు ఎల్లవ్వ వేలు పోయింది."

పాస్టరుగారు లేచి, "అమ్మా, ఇంటి సంగతులు ఇంట్ల మాట్లాడుకోవాలె" అన్నారు.

"సాక్ష్యం ఇంట్ల చెప్పలేదు గదయ్యగారూ. గీడనే చెప్పిండు" అంది విమలమ్మ.

అప్పుడు వెనక చాప మీంచి పోశమ్మ లేచింది.

"అమ్మా, మా ఆయన గూడ గోలీలు పారేసిండు. సారు సాక్ష్యం ఇన్నంకనే. రెండు దినాలాయె, మంచం దిగుతలేడు. నేను చెప్తె ఇంటలేడు."

విమలమ్మ మొగుడి వైపు తిరిగింది.

"లేవుండ్రి. పోశమ్మ ఇంటికి పోదాం. ఆమె మొగనికి మీ నోటితోనే చెప్పుండ్రి" అంది.

ఆశీర్వాదం సారు లేచి, జనం మధ్య నుంచి గుమ్మం దాకా నడిచి, చెప్పులు తొడుక్కుని పోశమ్మ ఇంటి దారి పట్టాడు.