నాలుగాకుల మొక్క

తెనాలి కాలేజీలో ముప్ఫై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన వేంకటసుబ్రహ్మణ్యం, కర్లపాలెం దగ్గర వికలాంగులు, తక్కినవాళ్లు కలిసి సాగుచేసే పొలంలో ఆదివారాలు సేవ చేద్దామని బయలుదేరాడు. అందుకోసం కొత్త టోపీ కొన్నాడు. పాపం, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలని బస్సులోనే మొక్కల గురించి చిన్న ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు.

అతన్ని వేరుశనగ మడిలో కలుపు తీయడానికి మనీషా పక్కన కూర్చోబెట్టారు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. అతను ఉపన్యాసం మొదలుపెట్టి, అదే ఊపులో గంటసేపు కలుపు పీకాడు. మనీషా అతని గంపలో చెయ్యి పెట్టి తడిమింది.

"ఏంటి సార్, వేరుశనగ మొక్కలు పీకేశారు!"

"కాదమ్మా, ఇది తగిరిస, కలుపు మొక్కే. నేను బోటనీ లెక్చరర్ని."

"తగిరిసకి రెమ్మకి ఆరాకులండి. దీనికి నాలుగే. లెక్కపెట్టి చూడండి."

లెక్కపెట్టాడు. నాలుగే. ఆ తేడాని ఏటా నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పింది తనే. సుద్దముక్కతో గీసిన తగిరిసే తప్ప మట్టిలో మొలిచినదాన్ని ఎన్నడూ ముట్టుకోలేదని ఇప్పుడు తట్టింది.

"కళ్లు మూసుకుని ఆకులు తడిమి పీకండి బాబాయిగారూ, అప్పుడు తొందరపడరు," అంది మనీషా నవ్వుతూ.

మూసుకున్నాడు. ఆ తర్వాతి సాలులో రెండే వేరుశనగ మొక్కలు పోయాయి.

మధ్యాహ్నం భార్య అమ్మాజీ ఫోన్ చేసింది. "వాళ్లకి సాయం బాగా చేస్తున్నారా?"

"వాళ్లే నాకు చేస్తున్నారు," అన్నాడతను. "వచ్చే వారం కూడా రమ్మన్నారు. గంపలు మొయ్యడానికి."