రాతితో గుద్దిన ఏనుగు అడుగు

నా భార్య మునిలక్ష్మిని ఏనుగు తొక్కలేదు. క్వారీ కంట్రాక్టరు నారాయణస్వామి చంపాడు.

మీరు తెచ్చిన 1985 నాటి పాత పేపరులో "రామకుప్పం దగ్గర వింత: ఏనుగు అడుగులకు పూజలు" అని ఉంది. అది చదివి మీ కాలేజీ హాస్టల్లో నవ్వుకున్నారట. చెబుతాను, వినండి.

రాయి పేల్చే ముందు మూడుసార్లు ఈల ఊదాలి. కూలీలు గుట్ట దిగాలి. ఆ రోజు లారీలు నిలబడి ఉన్నాయని ఈల ఊదకుండానే మందు అంటించారు. మునిలక్ష్మి నెత్తిన కంకర గంప ఉంది. బండ ఎగిరి వచ్చి ఆమె రొమ్ము మీద పడింది. నేను పరుగెత్తుకు వెళ్ళే సరికి నలగకుండా ముఖం ఒక్కటే మిగిలింది.

కంట్రాక్టరు మనుషులు నన్ను కొట్టి షెడ్డులో వేసి గొళ్ళెం పెట్టారు. దుమ్ము అణగక ముందే, మిగతా కూలీలు చూడకుండా శవాన్ని పక్కనున్న రాగి చేనులో పడేశారు. తడి మట్టిలో గుండ్రటి రాయితో గుద్ది అడుగులు చేశారు. ఆ మధ్యే అడవి ఏనుగులు మా వైపు రావడం మొదలైంది. అందరూ నమ్మారు. నేను తలుపు విరగ్గొట్టుకుని చేనుకు చేరేసరికి, మా కూలీలే ఆ గుంటల్లో కుంకుమ చల్లి, వినాయకుడు నడిచిపోయాడని కొబ్బరికాయలు కొడుతున్నారు. శవం పక్కనే. నేను అరిచాను. ఎవరూ వినలేదు.

"సామి తొక్కితే పుణ్యమప్పా, ఏడవద్దు" అంది ఆదెమ్మ. ముప్పై ఏళ్ళు రాయి కొట్టిన ముసలిది.

అప్పుడు రాళ్ళు చెక్కే యాకూబ్ వచ్చి కుంకుమ పక్కకు తోశాడు. గుంటలో అరచెయ్యి పెట్టి తడిమాడు.

"ఈడ సూడండప్పా, అంతా ఉలి గీతలే. కంట్రాక్టరు కొత్త మిద్దెలో స్తంభం కిందికని పోయిన వారం నేను చెక్కిన రాయి ఇది. ఏనుగు దాన్ని కాలికి తొడుక్కోని వచ్చిందా?"

ఆదెమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే రేపు నన్ను గూడా ఏనుగే తొక్కతాది" అంది.

ఆ మాటతో గుంపు లేచింది. మేస్త్రీ గంగులప్ప అడ్డం నిలబడి, పని పోతుందని బెదిరించాడు. పని పోతే పస్తులుంటాం, ఈల లేకపోతే చస్తాం అని ఆడవాళ్ళు అతన్ని పక్కకు నెట్టారు. శవాన్ని భుజాల మీద మోసుకుని రెండు వందల మందిమి క్వారీకి నడిచాం.

నారాయణస్వామి తుపాకీ పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏనుగు తొక్కింది సాలదా? నేను గూడా తొక్కల్నా?"

కాల్చాడు. ముందున్న యాకూబ్ గొంతులో తగిలింది. అతను నా కాళ్ళ మీద పడ్డాడు. రెండో తూటా పేలే లోపల రాళ్ళు లేచాయి. కంకర కొట్టే చేతులవి, గురి తప్పలేదు. నారాయణస్వామి మళ్ళీ లేవలేదు.

మరునాటి పేపరులో, మీరు చదివి నవ్విన ఆ పూజల వార్త కిందే, "అల్లరి మూక దాడి" అని రాశారు. యాకూబ్ పేరు రాయలేదు. మాలో నలభై మందిని జైలుకు తోలారు. ఆ వారంలోనే పుంగనూరు, మదనపల్లె వైపు క్వారీల్లో కూలీలు సుత్తులు కింద పెట్టి కూర్చున్నారు. ఈల ఊది కూలీలను దించకుండా మందు అంటించే గుట్ట ఎక్కేది లేదన్నారు. ఇవాళ్టికీ ఎక్కరు.

మొదటి రాయి ఎవరు విసిరారని పోలీసులు నా గోళ్ళు పీకి అడిగారు. నలభై మందిలో ఒక్కరూ చెప్పలేదు. ఇందాక మీరూ అదే అడిగారు. చెప్పను. ఆ పేపరు తీసుకుని వెళ్ళండి. దీని గురించి ఇక నా నోట ఒక్క మాట రాదు.