ఎవులూ సెయ్యెత్తని జీపు

ముంచింగిపుట్టు సంతరోజు కొండ రోడ్డు మీద ఖాళీ జీపు ఎల్తుంటే సెయ్యెత్తనోడు ఉంటాడా? నెత్తి మీద గంప ఉన్నా, సంకలో పిల్ల ఉన్నా, ఎలాగోలా సెయ్యి ఊపి ఆపుతారు మావోళ్ళు. మనుషులు ఏలాడతన్న జీపుకి కూడా ఎత్తుతారు, ఎనక కమ్మీ పట్టుకోడానికి సోటుంటాదేమోనని. అలాటిది ఆ రోజు మేం బేరానికని నడిపి సూత్తన్న జీపుకి మూడు మలుపులు దాటినా ఒక్క సెయ్యి లెగలేదు. ఒక ముసలామె అయితే మమ్మల్ని సూసి మనవణ్ణి రెక్క పట్టుకుని రోడ్డు దిగిపోనాది.

నాను మొదట పట్టించుకోలేదు. నా పేనం అంతా ఆ బండి మీదే ఉంది.

నా పేరు సోములమ్మ. మా ఊరు సిందిపుట్టు, తారు రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు ఎగువన. వానలు పడ్డాయంటే మా మట్టిదారిలో మామూలు జీపు కూడా సక్రం తిప్పుకుంటా నిలబడిపోతాది. నాలుగు సక్రాలూ లాగే బండయితేనే ఎక్కుతాది. మా రత్నకి పద్నాలుగేళ్ళు. దానికి సికిల్ సెల్ అనీసి నెత్తురు జబ్బు. నెప్పులు ఎత్తినాయంటే ఎముకల్లో సుత్తి పెట్టి కొట్టినట్టు ఏడుత్తాది. పోయిన వానల్లో డోలీ కట్టి ఆస్పత్రికి మోసుకెల్లాం. దారిలో రెండుసార్లు అది సచ్చిపోనాదనుకున్నాను. ఇంకోసారి ఇంత ఆలీసెం సేత్తే తను సెయ్యగలిగింది ఏటీ ఉండదని డాక్టరు నా మొకం మీదే సెప్పీసాడు. ఆ మాట అప్పట్నుంచీ నా సెవిలోనే ఉంది.

అందుకే మిరియాలు అమ్మిన డబ్బులూ, నా సెవుల కమ్మలూ కలిపి బండి కొందామని దిగాను. మా తమ్ముడు బుధుకి లైసెన్సుంది, ఆడు నడుపుతాడు. నా డబ్బుకి పదేళ్ళ బండి రాదు. ఇరవయ్యేళ్ళది ఒత్తాది, అదీ ఎవుడో కొండ దేవత పంపినోడు అమ్మితే. వానలకి ఇంక వారం కూడా నేదు.

సన్యాసిరావు అలా దొరికినాడు. కింద దేశం మనిషి, సోడారం వైపు. పదిహేనేళ్ళుగా ఇక్కడే సర్వీసు జీపు తిప్పుతున్నాడు. మిగతావోళ్ళు అడిగిన దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే అడిగినాడు. ఆ రేటు విన్నప్పుడే నాకు అనుమానం రావాల. అవసరం ఉన్నోడికి బుద్ధి పన్జెయ్యదంటారు, నాకూ పన్జెయ్యలేదు.

పైగా బండి బాగుంది. బుధు పెద్ద గేరు పక్కనుండే సిన్న రాడ్డు లాగి, గెడ్డ నీళ్ళ ఒడ్డు బురదలోకి కావాలనే దింపీసాడు. ముందు సక్రాలు కూడా మట్టిని కరిసిపట్టుకుని బండిని గట్టెక్కించీసాయి. ఆడి మొకం సూడాల, పెళ్ళిలో కూడా అంత ఎలగలేదు. నాకూ లోపల తేలికైనాది. రత్నని ముందు సీట్లో పడుకోబెట్టి దుప్పటి కప్పి తీసుకెల్తన్నట్టు కూడా అనుకున్నాను.

నాలుగో మలుపులో రోడ్డు పక్కన పనసపళ్ళు పోసుకుని ఒకామె కూకుంది. మా బండిని సూసి లెగిసి, వీపు తిప్పి నిలబడింది. ఇంక నాకు ఒళ్ళు మండింది. ఆపమన్నాను. ఇక్కడొద్దు, ఎత్తు బాగా ఉంది, ముందుకెల్లి ఆపుదాం అన్నాడు ఎనక కూకున్న సన్యాసిరావు. ఎత్తులో ఆగని బండి నాకెందుకు, ఆపరా అనీసి దిగిపోయాను.

ఆమె పేరు ఈశ్వరమ్మ. ఏటమ్మా, మా బండికేటి గజ్జి పట్టిందా, అందరూ మొకాలు తిప్పుకుంటన్నారు అనడిగాను. నా నోరంతే. ఆమె నాకేసి సూసి, నెమ్మదిగా సెప్పినాది. "అది మా ఆయన్ని తిన్న బండి, ఒదినా."

పోయినేడు, ఇదే ఎత్తు మీద, ఇదే పనసపళ్ళ కాలం. ఆమె మొగుడు జీపు ఎనక నిలబడి పళ్ళు ఎక్కిత్తన్నాడట. సన్యాసిరావు దిగి, ఫోను మాటాడుకుంటా అటు పక్కకి ఎల్లాడట. బండి దానంతట అది ఎనక్కి జారిపోనాది. ఎనకున్న బండరాయికీ జీపుకీ మద్దిన ఆ మనిషి నలిగిపోనాడు. హ్యాండు బ్రేకు ఏసినా పట్టలేదని సన్యాసిరావు అందరికీ సెప్పినాడు. అప్పట్నుంచి దీనికి మనిషి నెత్తురు రుసి తెలిసిపోనాదని ఊళ్ళోళ్ళు అనుకుంటన్నారు. ఎవులూ ఎక్కరు.

ఓలమ్మ! తిరిగొచ్చి సన్యాసిరావుని నోటికొచ్చినన్ని తిట్టాను. మనిషిని సంపిన బండిని రంగేసి నా గుంట రత్న కింద పెడతావా అన్నాను. ఆడు తల దించుకునే, బ్రేకు బాగుసేయించాను, కొత్త కేబులు ఏయించాను అన్నాడు. బుధు బండి కిందకి దూరి సూసినాడు. ఆ కేబులు బండితో పాటు పుట్టిందే. మడ్డీ, తుప్పూ పట్టి ఉంది, దానిమీద ఏ మెకానిక్ సెయ్యీ పడలేదు.

అయితే జారతాది కదా, వొద్దు, వొగ్గీ అన్నాను. బుధు ఒప్పుకోడే. బాగుసేయించుకుందాం అప్పా అంటాడు. ఎప్పుడు సేయిస్తావురా, రేపో మాపో వానలు, ఎవుడు సేత్తాడు, సేసినా బ్రేకు పట్టుతాదని ఎవుడు సెప్తాడు? దీన్ని వొగ్గేత్తే ఈ వానలకి నాకు ఇంకో బండి దొరకదు. తీసుకుంటే, మా దారంతా ఎత్తులే, రత్నని దింపినప్పుడో ఎక్కించినప్పుడో జారితే? రెండేపులా నా పిల్లే. నాకు ఏడుపొచ్చింది, ఏడిత్తే పని జరగదని మానీసాను.

సూద్దాం అన్నాను. ఖాళీ బండి ఎవుడు ఆపినా ఆగుతాది, బరువుతో ఆగాల. కానీ బరువుకి మనుషులు ఎవులెక్కుతారు? కల్వర్టు పక్కన రోడ్డు పని కోసం పోసిన రాళ్ళగుట్ట ఉంది. ముగ్గురం మోసాం. ఎనక సీట్ల మద్దిన పన్నెండు మంది బరువు ఉండీలాగ నింపాం. బుధు బండిని అదే ఎత్తు మీదకి తెచ్చి, ఇంజిను ఆపి, గేరు తీసీసి, హ్యాండు బ్రేకు మాత్రం లాగి దిగినాడు. సక్రాల కింద సెక్కా నేదు, రాయీ నేదు. ఎనక పది అడుగుల్లో అదే బండరాయి ఉంది.

నాను రోడ్డు పక్కన గట్టు మీద కూకుని సుట్ట ఎలిగించాను. నిప్పు కొస నోట్లోకి తిప్పి పెట్టాను, మా అమ్మ లాగే. ఈ సుట్ట అయ్యీదాకా ఆగితే కొంటాను, జారితే నీ దారి నీది, నా దారి నాది అన్నాను. ఈశ్వరమ్మ తన పనసపళ్ళ దగ్గరే నిలబడి సూత్తన్నాది.

సుట్ట సగం అయినాది. లోపలెక్కడో రాళ్ళు సర్దుకున్న సప్పుడయింది. బండి కదల్లేదు. కొండ మీద నల్లగా మబ్బు పట్టింది. బుధు గోళ్ళు కొరుక్కుంటన్నాడు.

అప్పుడు సూసాను సన్యాసిరావుని. అమ్మేవోడు కదా, బండి ఆగాలని మొక్కుకోవాల. ఆడి సూపు బండి మీద కాదు, నా సుట్ట మీద ఉంది, ఎప్పుడు అయిపోతాదా అని. "ఇంక జారతాది సూడు, ఇప్పుడు జారతాది" అని గొణుక్కుంటన్నాడు. నాకు అర్దం కాలేదు. ఏ సంతలోనైనా ఎద్దుని అమ్మేవోడు, ఇది పొడుత్తాది సూడు అంటాడా? కాసేపటికి లెగిసి, సాలు సోములమ్మా, నువ్వు కొనొద్దు, రాళ్ళు దింపీసుకుందాం అన్నాడు. కూకో అన్నాను.

బుధు ఉండబట్టలేక ఎనక కమ్మీ ఎక్కి గెంతినాడు. నాలుగుసార్లు గెంతినాడు. రాళ్ళు దడదడలాడినాయి. జీపు రవ్వంత కూడా ఎనక్కి జరగలేదు. సుట్ట అయిపోనాది. నిప్పు పీక ఊసేసి లెగిసాను. ఎందుకో సంతోసం రాలేదు. కేబులు పాతదే, ఎవుడూ సెయ్యి ఎయ్యలేదు. ఇంత బరువూ ఇదే ఎత్తు మీద మోసి నిలబడింది. మరి ఆ రోజు ఎందుకు పట్టలేదు?

సన్యాసిరావు దగ్గరికి ఎల్లాను. ఈసారి తిట్టలేదు.

"ఆ రోజు నువ్వు బ్రేకు ఏసావా, బావూ?"

ఆడు రోడ్డు మీదే సతికిలబడిపోనాడు. "ఏసాననే అనుకున్నాను" అన్నాడు. "ఫోనొచ్చింది. దిగీసాను."

తరవాత అంతా ఒక్కసారే కక్కీసాడు. పోలీసులొచ్చీలోగా బ్రేకు పట్టలేదన్న మాట నోట్లోంచి వచ్చీసిందట. తరవాత ఊరే దాన్ని పెంచీసింది. బాగుసేయిత్తే బ్రేకు మంచిదేనని మెకానిక్ సెప్పీత్తాడేమోనని ఎవులకీ సూపించలేదు. వొదిలించుకుందామని సగానికి పెట్టినాడు. ఇంకా తగ్గిత్తాను, సంతకం ఇప్పుడే పెడతాను, ఈ మాట మాత్రం ఎవులకీ సెప్పకు అని నా కాళ్ళకేసి సెయ్యి సాపినాడు.

నిజం సెప్తన్నాను, నాను ఆసపడ్డాను. తగ్గిన డబ్బు రత్న మందులకి ఒత్తాది. ఈ మాట ఈ కొండ దాటకపోతే ఎవుడికి నట్టం? సచ్చిపోనోడు లెగిసొత్తాడా? అంతా ఒక్క నిమిసంలో అనుకున్నాను. తలెత్తితే ఈశ్వరమ్మ అక్కడే ఉంది. జారని బండిని సూత్తన్నాది. ఆయమ్మకి అర్దమవడానికి ఎంతసేపు?

తగ్గించొద్దు, అనుకున్న రేటే ఇత్తాను అన్నాను. కానీ ఆయమ్మకి నువ్వే సెప్పాల, నా ముందు, ఇప్పుడే. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను, బండి కూడా కొనను. నా గుంట ఎక్కే బండిలో నీ అబద్దాన్ని మోసుకు తిరగలేను.

ఆడు ఎల్లినాడు. ఆ ఇరవై అడుగులు నడవడానికి ఎంత సేపు పట్టినాదో. ఏటన్నాడో నాకు పూర్తిగా ఇనబడలేదు, ఆమె కాళ్ళ దగ్గర కూకుని సెప్పినాడు. కొడతాదేమో, మన్ను పోత్తాదేమో అనుకున్నాను. ఈశ్వరమ్మ ఏటీ సెయ్యలేదు. ఆడిని దాటుకుని జీపు దగ్గరికి వొచ్చినాది. ఏడాదిగా వీపు తిప్పుతున్న బండి. తలుపు దగ్గర వొంగి, హ్యాండు బ్రేకు రాడ్డు ఎక్కడుందని బుధుని అడిగినాది. ఆడు సూపించినాడు. రెండు సేతుల్తో పట్టుకుని పైకి లాగినాది. ఇంకా లాగినాది. అప్పటికే బిగిసున్నది ఇంకో రెండు పళ్ళు టకటకమని ఎక్కింది.

"ఇంతేనా?" అన్నాది. "ఇది లాగడమేనా?"

సన్యాసిరావు అక్కడే మొకం సేతుల్లో పెట్టుకుని ఉన్నాడు. ఆడి మీద కేసు పెడతావా, మేం సాచ్చికం సెప్తాం అన్నాను. రేపు మా మరిదితో మాటాడతాను అన్నాది. తరవాత కుప్పలోంచి ఒక పనసపండు తీసి, ముందు సీట్లో తనే పెట్టినాది.

"మీ గుంటని ఎక్కించుకో, ఒదినా. దీనికేటీ తెలదు."

రాళ్ళు దింపీసాం. మొదటి సినుకులు పడతన్నాయి, బేగి ఎల్లాల. బుధు బండెక్కి ఇంజిను లేపి, గేరేసి తొక్కినాడు. బండి ఊగిందే గాని కదల్లేదు. ఆయమ్మ లాగిన బ్రేకు అలాగే ఉంది. దాన్ని కిందకి దించడానికి మావోడికి రెండు సేతులూ కావలిసొచ్చినాయి.